మా అబ్బాయికి భక్తి లేదు. తప్పు నా పుట్టింటి రక్తానిదా?

కోనసీమ నుంచి ఒక తల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమె అత్తవారిది వైఖానస అర్చక కుటుంబం, అంటే విష్ణు ఆలయాల్లో వంశపారంపర్యంగా పూజ చేసే సంప్రదాయం వాళ్ళది. ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడి పూజ నాలుగు తరాలుగా వాళ్ళ చేతుల్లోనే ఉంది. మామగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. చేతులు వణుకుతున్నా గర్భగుడిలోకి తనే వెళతారు. భర్త పక్క ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారు, సెలవు రోజుల్లో తండ్రికి సాయం చేస్తారు. అబ్బాయికి ఇరవై ఏళ్ళు, హైదరాబాదులో ఇంజనీరింగ్ మూడో ఏడు. అమ్మాయికి పద్నాలుగు.

కిందటి ధనుర్మాసంలో మామగారికి జ్వరం వచ్చింది. భర్త ఊళ్ళో లేరు. సెలవులకు వచ్చిన అబ్బాయి తెల్లవారుజామున నాలుగింటికే లేచి, తలస్నానం చేసి, నామం పెట్టుకుని గుడికి వెళ్ళాడు. ఎనిమిదో ఏట ఒడుగు అయింది, మంత్రాలన్నీ తాతగారి దగ్గరే నేర్చుకున్నాడు. పెద్దాయన దుప్పటి కప్పుకుని మండపంలో కూర్చుని అంతా విన్నారు. ఒక్క స్వరం తప్పలేదని మురిసిపోయారు. ఇంటికొచ్చాక పెరట్లో హారతి పళ్ళెం తోముతూ అబ్బాయి అన్నాడట: "తాతయ్యా, అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. కానీ నాకేమీ అనిపించలేదు. చిన్నప్పటి నుంచీ అనిపించదు. నీకు అబద్ధం చెప్పలేక చెబుతున్నాను." పెద్దాయన మారు మాట్లాడలేదు. ఆ పూట ప్రసాదం కూడా నోట్లో పెట్టుకోలేదు.

వంటింట్లో పులిహోరకి పులుసు ఉడుకుతోంది. అత్తగారు గుమ్మంలో నిలబడి, "పుట్టింటి చాలు ఎక్కడికి పోతుంది" అనేసి వెళ్ళిపోయారు.

ఆ మాటకు వెనక కథ ఉంది. ఈమె తండ్రి సైన్సు మాస్టారు, హేతువాది. విజయవాడ నాస్తిక కేంద్రం సభలకు వెళ్ళేవారు. కూతురి పెళ్ళిలో కూడా పీటల మీద కూర్చోనంటే, బాబాయి కన్యాదానం చేశారు. ఆయన పోయి పదేళ్ళయింది. ఈమె మాత్రం తల్లి దగ్గర నేర్చుకున్న పూజ ఏనాడూ మానలేదు.

మామగారి బాధ మరో రకం. ఈమె కడుపుతో ఉన్నప్పుడు ఎనిమిదో నెలలో విష్ణుబలి చేసి, చక్రం తాకించిన పాయసం తినిపించారు. "మనం గర్భవైష్ణవులం. కడుపులో ఉండగానే స్వామి ముద్ర పడినవాడు ఇలా ఎలా అయ్యాడమ్మా" అని ఆమెనే అడుగుతున్నారు. అమెరికాలో ఉన్న మరిది "దేవుడి జీన్" గురించి ఒక వీడియో పంపి, "వాడికి ఆ జీన్ రాలేదేమో వదినా, ఇక్కడ టెస్టు చేయిద్దామా" అన్నారట. గుడి మాన్యం రెండెకరాలు, గుడి పక్కన ఉంటున్న ఇల్లు, తరవాత పూజ ఎవరు చేస్తారన్న ప్రశ్న కూడా ఇంట్లో నలుగుతున్నాయి.

"నా రక్తం వల్లే నా కొడుకు ఇలా అయ్యాడా? వాడిలో ఏదైనా లోపం ఉందా? బతిమాలనా, వదిలేయనా? రోజూ తులసమ్మ దగ్గర దీపం పెడతాను. ఈ మధ్య దీపం పెడుతుంటే తప్పు చేసినదానిలా ఉంటోంది" అని ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ముందు ఆ దీపం సంగతి. మీరు ఏ తప్పూ చేయలేదు. ఊరికే ధైర్యం చెప్పడానికి ఈ మాట అనడం లేదు. ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

రక్తం మాటకు జవాబు మీ ఉత్తరంలోనే, రెండో పేజీలో ఉంది. బహుశా మీరు గమనించలేదు. మీది మేనరికమని, మీ అత్తగారి తల్లి, మీ నాన్నగారి తల్లి సొంత అక్కాచెల్లెళ్ళని రాశారు. అంటే మీ నాన్నగారికీ అత్తగారికీ అమ్మమ్మ ఒక్కరే. మీ పుట్టింటి చాలు అని ఆవిడ దేన్ని అంటున్నారో, అందులో ఒక పాయ ఆవిడ ఒంట్లోనూ ఉంది, మీ వారి ద్వారా అబ్బాయికీ వచ్చింది. ఆ కోపంలో ఆవిడకు ఇది గుర్తు రాలేదు.

ఇంకోటి. మీ నాన్నగారు ఎక్కడ పుట్టారు? అర్చకుల ఇంట్లోనే కదా. ఆయన తండ్రి, తాత అందరూ గంట మోగించినవాళ్ళే. భక్తి రక్తంలోనే వచ్చేదైతే ఆయన నాస్తికుడు కాకూడదు. నాస్తికత్వం రక్తంలో వచ్చేదైతే, ఆయన కూతురైన మీరు రోజూ దీపం పెట్టకూడదు. పైగా మీ ఇంట్లో ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరున్నారు. మీ అమ్మాయి ధనుర్మాసం ముప్పై రోజులూ ఎవరూ లేపకుండానే లేచి తిరుప్పావై చదువుతుందని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. ఆ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తాను.

మీ మరిదిగారి వీడియో సంగతి కూడా చెప్పాలి, ఇలాంటివి చాలా ఇళ్ళలో తిరుగుతున్నాయి. 2004లో డీన్ హేమర్ అనే అమెరికా జన్యుశాస్త్రవేత్త, వీమాట్2 అనే జన్యువులో ఒక చిన్న తేడాకీ, "నాకన్నా పెద్దదేదో ఉంది, నేను అందులో భాగం" అనే భావన కొలిచే ప్రశ్నావళిలో వచ్చిన మార్కులకీ సంబంధం కనిపించిందని చెప్పారు. దాని మీద రాసిన పుస్తకానికి ఆయనే "దేవుడి జన్యువు" అని పేరు పెట్టారు. ఆ పేరే ప్రపంచమంతా తిరిగింది. ఆయన చూపించిన ప్రభావం చాలా స్వల్పమని తోటి శాస్త్రవేత్తలు గట్టిగా విమర్శించారు. ఇలాంటి స్వభావాల వెనక చాలా జన్యువులు ఉంటాయని హేమర్ కూడా ఒప్పుకున్నారు. మీ అబ్బాయికి భక్తి ఉందో లేదో చెప్పే టెస్టు ఏ దేశంలోనూ లేదు. మరిదిగారు ప్రేమతోనే అని ఉండవచ్చు, కానీ దానికోసం పిల్లాడి లాలాజలం ఎక్కడికీ పంపకండి.

అయితే జన్యువులకు ఏ పాత్రా లేదా అంటే, ఉంది. అది దాచడం నాకు ఇష్టం లేదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుచర్డ్ అనే ఆయన 1979 నుంచి, పుట్టగానే విడిపోయి వేరువేరు ఇళ్ళలో పెరిగిన కవలల మీద పరిశోధన చేశారు. ఒకే రూపు కవలలకు జన్యువులు ఒకటే, ఇల్లు మాత్రం వేరు. వాళ్ళకి మతం మీద ఉన్న ఆసక్తి ఎంత కలుస్తుందో చూశారు. మనుషుల మధ్య ఈ విషయంలో కనిపించే తేడాల్లో సుమారు సగం జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని 1990లో ఆ బృందం రాసింది.

ఈ "సగం" అన్న మాట దగ్గరే చాలామంది పొరబడతారు. మీ అబ్బాయి అవిశ్వాసంలో సగం మీ నుంచి, సగం హాస్టల్ నుంచి వచ్చిందని దాని అర్థం కాదు. వెయ్యి మందిని నిలబెడితే ఒకరికీ ఇంకొకరికీ మధ్య కనిపించే హెచ్చుతగ్గుల గురించి చెప్పే లెక్క అది. ఒక్క మనిషిని పట్టుకుని, ఇతనిలో ఇంత భాగం ఫలానావారిది అని ఆ లెక్క చెప్పలేదు. మీ వంటింట్లోనే చూడండి. ఒకే బియ్యంతో పది ఇళ్ళలో వండితే అన్నంలో తేడా వచ్చేది నీళ్ళ వల్ల, మంట వల్ల. ఒకే మనిషి ఒకే పొయ్యి మీద పది రకాల బియ్యం వండితే తేడా వచ్చేది బియ్యం వల్ల. అలాగని ఒక గిన్నెడు అన్నం ముందు పెట్టుకుని, ఇందులో బియ్యం వాటా ఎంత, మంట వాటా ఎంత అని విడదీయగలమా?

మీ విషయానికి బాగా దగ్గరగా వచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. 2005లో మిన్నెసోటా వాళ్ళే, సగటున ముప్పై మూడేళ్ళ వయసున్న మగ కవలలను రెండు ప్రశ్నలు అడిగారు. చిన్నప్పుడు ఇంట్లో ఉండగా మీ ప్రార్థనలు, చర్చికి వెళ్ళడం ఎలా ఉండేవి? ఇప్పుడు ఎలా ఉన్నాయి? చిన్నప్పటి సంగతులకొస్తే, తేడాల్లో జన్యువుల పాలు 12 శాతం, కలిసి పెరిగిన ఇంటి పాలు 56 శాతం. పెద్దయ్యాక అది తారుమారైంది. జన్యువులది 44, ఇంటిది 18. వాళ్ళు చిన్నప్పటి సంగతులు జ్ఞాపకం మీద చెప్పారు, పైగా అది అమెరికా. మన అగ్రహారాలకీ గుళ్ళకీ ఆ అంకెలు అలాగే వర్తిస్తాయని నేను అనను. కానీ అందులో కనిపించే తీరు మనకు తెలియనిదేమీ కాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పిల్లలు ఇంటి నడకే నడుస్తారు. అమ్మ లేపితే లేస్తారు, తాత చెబితే సంధ్యావందనం చేస్తారు. గడప దాటి తన గది, తన పొద్దు, తన స్నేహాలు ఏర్పడ్డాక లోపలి మొగ్గు బయటికి వస్తుంది. ఒకే రూపు కవలలు పెద్దయ్యాక కూడా దాదాపు ఒకేలా ఉన్నారు. ఒకే రూపు లేని మామూలు కవలలు ఎవరి దారిన వాళ్ళు విడిపోయారు.

కాబట్టి "హాస్టల్‌కి పంపి పాడు చేశాను" అని ఆరో పేజీలో రాసుకున్నారే, ఆ మాట కొట్టేయండి. చిన్నప్పటి నుంచీ అనిపించదని వాడే చెప్పాడు. హైదరాబాదు వాడి మనసు మార్చలేదు, చెప్పుకునే వీలు ఇచ్చింది.

ఇప్పుడు సంస్కృతి, అంటే ఇల్లు, ఊరు, పెంపకం. ఏ దేవుణ్ణి, ఏ పేరుతో, ఏ రోజున, ఏ నైవేద్యంతో కొలవాలో ఇది నిర్ణయిస్తుంది. 1999లో వర్జీనియా పరిశోధకులు వేల కవలలు, వాళ్ళ బంధువుల వివరాలు చూసి, మనిషి ఏ మతానికి చెందుతాడన్నది ప్రధానంగా పెంపకం నుంచి వస్తుందని, ఆ మతాన్ని ఎంత పట్టుగా పాటిస్తాడన్నదానిలోనే జన్యువుల పాత్ర కొంత కనిపిస్తుందని తేల్చారు. మన దగ్గరే చూడండి. 1878 జులై 3న, ధాత కరువు పోతున్న రోజుల్లో, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్ళు. ఆ పొద్దున్న ఏరు దిగినప్పుడు ఉన్న రక్తమే సాయంత్రం ఒడ్డెక్కినప్పుడూ ఉంది. ఆకలి ఉంది, అవమానం ఉంది, మనిషిగా చూసే చోటు దొరికిందన్న ఆశ ఉంది. వాళ్ళ మనవలు మునిమనవలు ఇవాళ ఆదివారం పొద్దున్నే తెల్లబట్టలు కట్టుకుని పాడే పాటల్లో ఎంత తన్మయత్వం ఉంటుందో, మీ గుడిలో తిరుప్పావైలోనూ అంతే ఉంటుంది. గొంతు పుట్టుకతో రావచ్చు. ఆ గొంతు పాశురం పాడుతుందా, క్రైస్తవ కీర్తన పాడుతుందా, ఖురాన్ చదువుతుందా అన్నది మాత్రం ఏ ఇంట్లో పెరిగారన్నదాన్ని బట్టే ఉంటుంది.

నాస్తికత్వం కూడా అంతే. మీ నాన్నగారు వెళ్ళిన ఆ నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో నిష్ఠగల బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో కేంద్రం మొదలుపెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు మార్చారు. కడుపుతో ఉన్నవాళ్ళు గ్రహణం చూడకూడదన్న నమ్మకాన్ని కాదని, ఆయన భార్య సరస్వతి గోరా నిండుచూలాలిగా ఉండి గ్రహణం చూశారు. వాళ్ళ పిల్లలు నాస్తికులుగా పెరిగారు. తల్లీతండ్రీ ఏం చేస్తే అది చూసి పెరిగారు, అంతే. దేవుణ్ణి నమ్మడం ఒక ఇంటి నుంచి ఎలా వస్తుందో, నమ్మకపోవడమూ అలాగే రావచ్చు. లేదా గోరా లాగా, మీ నాన్నగారి లాగా, మీ అబ్బాయి లాగా, ఇంట్లో ఎవరూ నేర్పకుండానే రావచ్చు.

మామగారి మాట దగ్గరికి వస్తాను. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. గర్భవైష్ణవులమన్నది వాళ్ళ సంప్రదాయానికి ఆయువుపట్టు. వేరే వైష్ణవులు సమాశ్రయణం అనే దీక్షలో భుజాల మీద ముద్రలు వేయించుకుంటారు, వైఖానసులకు ఆ ముద్ర తల్లి కడుపులోనే పడుతుంది. ఎంత అందమైన ఊహ! కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. వంశంలో పుట్టడమే చాలనుకుంటే, ఆ పెద్దలు ఎనిమిదో నెలలో విష్ణుబలి ఎందుకు పెట్టారు? పాయసం ఎందుకు తినిపించారు? తల్లి ద్వారా బిడ్డకు ఏదో అందించాలని, అది దానంతట అదే రాదని వాళ్ళకి తెలుసు. ఇవాళ మనం పెంపకం అంటున్న మాటనే వాళ్ళు సంస్కారం అన్నారు.

ప్రహ్లాదుడి కథలో చండామార్కులు ఆ పిల్లాణ్ణి పక్కకు పిలిచి అడిగింది కూడా ఈ ప్రశ్నే. ఈ బుద్ధి నీకు ఎవరైనా నేర్పారా, నీ అంతట నీకే పుట్టిందా అని. తల్లి కడుపులో ఉండగా నారదుడు చెప్పింది విన్నానని తరవాత తోటి పిల్లలకు ప్రహ్లాదుడు చెబుతాడు. మీ మామగారు ఈ కథ వందసార్లు చెప్పి ఉంటారు. కానీ అందులో ఇంట్లో అందరూ ఒక దారిలో ఉంటే తను ఒక్కడే వేరుగా నిలబడి, తండ్రి ముందు దాచకుండా చెప్పిన పిల్లాడు ఎవరు? ఈ పోలికను నేను ఎక్కువ దూరం లాగను, మీ ఇంట్లో హిరణ్యకశిపుడు లేడు. మనవడు కాదన్నందుకు ఒక పూట అన్నం మానేసిన తాత ఉన్నాడు. ఆయన్ని తలుచుకుంటే నాకూ గుండె బరువెక్కింది.

వాడిలో లోపం ఉందా అని అడిగారు. సంగీతం వింటే కొందరికి ఒళ్ళు పులకరిస్తుంది, కొందరికి కాళ్ళు మాత్రం తాళం వేస్తాయి, కొందరికి ఏమీ అనిపించదు. ఏమీ అనిపించనివాణ్ణి మనం రోగి అనం. అయితే ఒక్కటి చూసుకోండి. వాడికి గుడి మీద మాత్రమే ఆసక్తి లేదా, లేక అన్నం, నిద్ర, స్నేహితులు, చదువు, దేని మీదా లేదా? అన్నిటి మీదా పోయిందంటే అది భక్తి విషయం కాదు, డాక్టరుకు చూపించాలి. మీరు రాసినదాన్ని బట్టి వాడు సంక్రాంతికి కోడిపందేల దగ్గర స్నేహితులతో కేకలు వేశాడు, చెల్లెలికి లెక్కలు చెప్పాడు, మూడు పూటలా తిన్నాడు. నాకు దిగులు పడాల్సిందేమీ కనిపించలేదు.

వాడు అన్న మాటని మళ్ళీ చూడండి. "దేవుడు లేడు" అనలేదు. "పూజ దండగ" అనలేదు. "నాకేమీ అనిపించలేదు" అన్నాడు. మీరంతా దాన్ని వాడి నాన్నమ్మ విన్నట్టే విన్నారు. నమ్మకం, అనుభూతి, అర్చకత్వం అనే పని, ఈ మూడూ వేరు. మీ ఇంట్లో నాలుగు తరాలుగా ఒకే తాడులో పేనుకుని ఉన్నాయి కాబట్టి ఒకటి ఊడితే అన్నీ ఊడినట్టు అనిపిస్తోంది. దానికి తోడు మాన్యం, ఇల్లు. మామగారి దిగులులో స్వామి ఎంత, నా తరవాత ఈ గుమ్మంలో దీపం ఎవరు పెడతారన్న భయం ఎంత అన్నది ఆయనకే తెలియకపోవచ్చు.

ఇక ఏం చేయవచ్చు? ఇలా చేయండి అని ఒకే దారి చూపించలేను. మీ ముందు కొన్ని దారులు ఉన్నాయి, ఒక్కోదానికి ఒక్కో ఖరీదు ఉంది.

బతిమాలి, ఒట్టు వేయించి, "తాతయ్య కోసమైనా నమ్ముతున్నానని చెప్పు" అనవచ్చు. మీ అబ్బాయి మెత్తనివాడు, బహుశా చెబుతాడు కూడా. ఇంట్లో టెన్షన్ తగ్గుతుంది. కానీ అబద్ధం చెప్పలేక నోరు తెరిచిన పిల్లాడికి అబద్ధం చెప్పడం మనమే నేర్పినట్టవుతుంది. ఇలాంటి పిల్లలు తరవాత దేవుడి గురించే కాదు, ఉద్యోగం గురించి, పెళ్ళి గురించి, ఒంట్లో బాగోలేకపోతే దాని గురించి కూడా ఇంట్లో చెప్పడం మానేస్తారు. ఫోన్లో "బాగున్నానమ్మా" ఒక్కటే మిగులుతుంది. నేను ఈ దారి పట్టవద్దని అంటాను.

రెండోది, నమ్మకం ఊసెత్తకుండా పని వరకు అడగడం. "ధనుర్మాసం సెలవుల్లో, కల్యాణానికి వచ్చి తాతయ్యకి చేయి సాయం చేస్తావా?" వాడికి మంత్రం వచ్చు, శుచి తెలుసు. తాత చెయ్యి పట్టుకోవడం వాడికి ఇష్టమనే మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. దీనివల్ల ఇద్దరూ ఒక చోట ఉంటారు. కానీ ఇందులో ఒక ముల్లుంది. రెండేళ్ళు ఇలా సాగితే, వాడు మారాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. పిల్లనిచ్చేవాళ్ళకి అర్చకత్వం చేస్తాడని చెప్పేస్తారు. అప్పుడు విషయం ఇప్పటికన్నా పెద్దదవుతుంది. కాబట్టి ఈ దారి పడితే, ఇది సాయం వరకేనని మీరు, మీ వారు, మామగారు ముగ్గురూ వింటుండగా వాడి నోటితోనే ముందే అనిపించండి. నమ్మకం లేనివాడు స్వామిని తాకవచ్చా అన్నది మామగారు తేల్చాల్సిన మాట, మీరు కాదు, నేనూ కాదు. ఆయన వద్దంటే మడపల్లిలో, అంటే గుడి వంటశాలలో పని, పూల పని, లెక్కల పని ఉన్నాయి.

మూడోది, తరవాత అర్చకత్వం వాడు చేయడని ఇప్పుడే ఒప్పుకుని వేరే ఏర్పాటు చూసుకోవడం. ఇది అందరికన్నా మామగారికి కష్టం. పూజ వంశంలోనే ఉండాలన్న పట్టు మీ ఒక్క ఇంటిది కాదు. 1987 నాటి దేవాదాయ చట్టం అర్చకత్వంలో వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. పూజ చేయడం మతానికి సంబంధించినదే కానీ అర్చకుణ్ణి నియమించడం లౌకిక వ్యవహారమని 1996లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. మళ్ళీ 2007 సవరణతో అర్చక కుటుంబాలకు కొంత గుర్తింపు తిరిగి వచ్చింది. ఇరవై ఏళ్ళు అర్చక కుటుంబాలు ఆ బెంగతో బతికాయి, మీ మామగారూ అందులో ఒకరు. బయటివాళ్ళు తీసేసుకుంటారని అన్నేళ్ళు భయపడ్డ గుమ్మాన్ని ఇంటి పిల్లాడే వదిలేస్తానంటే ఆయనకు ఎలా ఉంటుందో వాడికి ఎవరైనా చెప్పారా? చెప్పండి, నేరం మోపడానికి కాదు, తెలియడానికి. మాన్యం, ఇంటి సంగతి మాత్రం ఈ గొడవలోకి తేకండి. దేవాదాయ వ్యవహారాలు తెలిసిన లాయరు దగ్గరికి కాగితాలు తీసుకుని మీ వారు వెళ్ళాలి. ఆ లెక్క తేలితే, ఇంట్లో వినిపించే భక్తి మాటల్లో సగం వేడి తగ్గుతుందని నా అనుమానం.

వీటిలో ఏది ఎంచుకున్నా, అది పిల్లాడూ తాతగారూ మీ వారూ కలిసి ఎంచుకోవాలి. ఇప్పటిదాకా మీ వారి మాట ఉత్తరంలో ఒక్కటి కూడా లేదు. "ఆయన ఏమీ అనరు" అని రెండుచోట్ల రాశారు. అటు కొడుకు, ఇటు తండ్రి, మధ్యలో ఆయన ఏమీ అనకపోతే, ఆ బరువంతా మీ నెత్తిన పడుతోంది. ఈ మాట ఆయనకి చదివి వినిపించండి.

అత్తగారి సంగతి. మీరు ఊరుకోవచ్చు, ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఊరుకుంటే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది, కానీ గుమ్మం అవతల మీ అమ్మాయి వింటూ ఉంటుంది. పిల్లల్లో నచ్చనిదేదైనా కనిపిస్తే అది కోడలి పుట్టింటి నుంచి వచ్చిందన్న మాట ఆ పిల్ల చెవిలో పడుతోంది. రేపు అది మరో ఇంటికి కోడలిగా వెళుతుంది. లేదా ఒక్కసారి, ఇద్దరే ఉన్నప్పుడు, మెల్లగా అడగవచ్చు: "అత్తయ్యా, మా నాన్నకీ నీకూ అమ్మమ్మ ఒక్కరేగా? ఆవిడ ఎలా ఉండేవారు?" వాదన పెట్టుకోకండి, అడిగి ఊరుకోండి. ఆవిడ ఆ రోజు అలిగితే అలుగుతారు. ఆవిడకి చిన్నప్పుడు మీ నాన్నగారు అన్న వరస కదా, కలిసి ఆడుకున్నవాళ్ళు కదా. అన్న గుడి మానేసినప్పుడు ఆవిడకి తగిలిన దెబ్బ ఎవరితోనైనా చెప్పుకున్నారో లేదో. ఇప్పుడు మనవణ్ణి చూస్తే అదే మళ్ళీ కదిలి ఉండవచ్చు.

అమ్మాయి గురించి. నాలుగు తరాల భక్తి ఈ ఇంట్లో ఎవరిలో కనబడుతోందని ఎవరైనా వెతికితే, తెల్లవారుజామున నాలుగింటికి తనంతట తనే లేచి తిరుప్పావై చదివే ఆ పిల్లలో కనబడుతుంది. అది ఆడపిల్ల, గర్భగుడిలోకి వెళ్ళదు కాబట్టి లెక్కలోకి రాలేదు. ఆగమం మార్చమని నేను అనడం లేదు. మామగారిని పిలిచి ఒక రోజు ఆ పిల్ల పక్కన కూర్చుని పాశురాలకు అర్థం చెప్పమనండి. ఆయనకు వినేవాళ్ళు దొరుకుతారు, దానికి గురువు దొరుకుతాడు. ఒక్క జాగ్రత్త: "చెల్లిని చూసి నేర్చుకో" అన్న మాట ఎవరి నోటి నుంచీ రానీయకండి. ఇద్దరి మధ్యా అడ్డుగోడ కట్టేది అలాంటి మాటలే.

చివరగా ఒక చిన్న పని. వచ్చే సంక్రాంతికి వాడు వస్తాడన్నారు కదా. పవళింపు సేవ అయ్యాక మామగారు తలుపులు వేసి, తాళంచెవులు నడుముకు చెక్కుకుని, ఇంటికి రాకుండా గుడి అరుగు మీద కాసేపు కూర్చుంటారని రాశారు. ఆ వేళకి వాణ్ణి ఒక గ్లాసు పాలిచ్చి అక్కడికి పంపండి. వాడికి ఒక్క ప్రశ్న చెప్పి పంపండి, వాదించడానికి కాదు, వినడానికి: "తాతయ్యా, ఇన్నేళ్ళలో నీకెప్పుడూ ఏమీ అనిపించని రోజు లేదా?" ఆయన ఏం చెబుతారో నాకు తెలియదు. లేదంటారేమో. చాలా ఉన్నాయంటారేమో. మీరు వెంట వెళ్ళకండి. దీపం పెట్టుకోండి, వాళ్ళు వచ్చేసరికి ఆలస్యం కావచ్చు.